జనాభా, కుటుంబ, పునరుత్పత్తి ఆరోగ్యంలో పీజీ చేయాలంటే: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా సిద్ధం కావాలి

ఇంట్లో ఈ చదువు పేరు ఎత్తగానే ముందు వచ్చే మాట ఇది: "పునరుత్పత్తి ఆరోగ్యమంటే గైనకాలజీయేగా, నువ్వు ఎంబీబీఎస్ చదవలేదు కదమ్మా?" నా దగ్గరికి సలహాకు వచ్చే పిల్లల్లో చాలామంది ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేకే వస్తారు. అందుకని ముందు దీన్ని తేల్చుకుందాం. కాన్పు చేసేది డాక్టరే. కానీ ఒక జిల్లాలో ఏటా ఎన్ని కాన్పులవుతున్నాయి, అందులో కోత కాన్పులు (సిజేరియన్లు) ఎన్ని, పక్క జిల్లాలో సగమే ఎందుకున్నాయి, పెళ్లయిన రెండేళ్లకే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న అమ్మాయికి వేరే దారి ఎవరైనా చెప్పారా అని లెక్కగట్టి అడిగేవాళ్లు డాక్టర్లే కానక్కర్లేదు. స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, సోషల్ వర్క్, హోంసైన్స్, జాగ్రఫీ, నర్సింగ్, ఫార్మసీ, ఏ డిగ్రీ నుంచైనా ఇటు రావచ్చు. నేను బీఎస్సీ స్టాటిస్టిక్స్ చదివి, జనాభా శాస్త్రంలో పీజీ చేసి, సర్వే పనిలో స్థిరపడ్డాను. ఈ దారిలో అడుగు పెట్టాలనుకునేవాళ్లకు నాకు తెలిసినంతవరకు వరసగా చెబుతాను.

1. ఏ తలుపు మీది?

ఈ చదువు ఒకే పేరుతో దొరకదు. మూడు తలుపులున్నాయి.

ఒకటి జనాభా శాస్త్రం, అంటే డెమోగ్రఫీ. జననాలు, మరణాలు, పెళ్లి వయసు, వలస వీటి లెక్క. గణితం అంటే భయం లేనివాళ్లకు ఇది నప్పుతుంది. రెండోది పబ్లిక్ హెల్త్, ఎంపీహెచ్. ఆసుపత్రులు, పథకాలు, సిబ్బంది ఎలా పనిచేస్తున్నాయి, ఎలా చేయాలి అన్నది ఇక్కడి చదువు. నర్సింగ్, మెడికల్, ఆయుష్ వాళ్లు ఎక్కువగా ఇటే వస్తారు. మూడోది సమాజశాస్త్రం వైపు నుంచి వచ్చే దారి. స్త్రీల ఆరోగ్యం, చట్టం, కుటుంబంలో ఎవరి మాట చెల్లుతుంది అన్న ప్రశ్నలు అక్కడ ఉంటాయి.

ఏది గొప్ప అని అడగకండి. సర్వే ఫైలు చూడగానే తెరిచి లెక్కవేయాలనిపిస్తే మొదటిది. పీహెచ్‌సీలో మధ్యాహ్నం రెండింటికి లేబర్ రూం తాళం ఎందుకు వేసి ఉంది అని కడుపు మండితే రెండోది. అత్తగారు గదిలో ఉన్నంతసేపూ కోడలు ఎందుకు మాట్లాడదు అన్నది మిమ్మల్ని వదలకపోతే మూడోది. పీజీలో ఒక తలుపు గుండా వెళ్లి పీహెచ్‌డీకి ఇంకో తలుపు తీసినవాళ్లు చాలామందే ఉన్నారు.

2. కాలేజీకంటే ముందు ప్రశ్న

మనవాళ్లు ముందు ర్యాంకింగ్ చూస్తారు, తర్వాత సీటు, తర్వాత హాస్టల్. ఏం అడగాలని వెళ్తున్నామన్నది ఆఖర్న వస్తుంది. ఈ వరస తిరగేయండి. మన రెండు రాష్ట్రాల్లో పుట్టినవాళ్లకు ప్రశ్నలకు కొదవ లేదు.

ఆపరేషన్ సంగతే తీసుకోండి. మన ఊళ్లలో "ఆపరేషన్ అయిందా?" అంటే చాలు, ఏ ఆపరేషనో ఎవరూ అడగరు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అంటే ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల వివాహితల్లో 69.6 శాతం ట్యూబెక్టమీ, అంటే ఆడవాళ్ల ఆపరేషన్, చేయించుకున్నవారే. తెలంగాణలో 61.9. దేశం మొత్తం మీద 37.9. ఆంధ్రలో మాత్రలు, కాపర్ టీ, కండోమ్, మగవాళ్ల ఆపరేషన్ అన్నీ కలిపినా రెండు శాతం లోపే. ఒక్క తరం వెనక్కి వెళ్తే కథ వేరు. ఎమర్జెన్సీ కాలంలో, 1976-77లో, దేశంలో 60 లక్షలకు పైగా మగవాళ్లకు వేసెక్టమీలు చేశారు. ఆ బలవంతం మిగిల్చిన భయంతో కార్యక్రమం మొత్తం ఆడవాళ్ల మీదికి మళ్లింది, మళ్లీ మగవాళ్ల వైపు తిరగలేదు. 2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు. అలాంటి శిబిరాలు మూడేళ్లలో ఆపేయాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది.

ఇందులోంచి ఎన్ని ప్రశ్నలు వస్తాయో చూడండి. పాతికేళ్లు నిండకుండానే ఆపరేషన్ చేయించుకున్న ఆమె తర్వాతి ఇరవై ఏళ్లూ ఆరోగ్య కార్యకర్త కంటికి ఆనుతుందా? గర్భసంచి తీయించుకోవడంలో మన రెండు రాష్ట్రాలు దేశంలోనే ముందుండటానికీ దీనికీ సంబంధం ఉందా? 2015-16 సర్వేలో 49 ఏళ్లలోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3 శాతమైతే ఆంధ్రలో 9, తెలంగాణలో 8 దరిదాపుల్లో ఉన్నారు. ఇంకో ప్రశ్న. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో నిలబడరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో ఎత్తేసింది. మూడు దశాబ్దాలు "ఇద్దరు చాలు" అని చెప్పిన రాష్ట్రం ఇప్పుడు ఇంకా కనమంటోంది. సగటున ఒక స్త్రీకి 1.7 మంది పిల్లలున్న చోట ఆ మాట ఎవరి ఇంట్లో ఎలా వినిపిస్తుంది?

మీకు నచ్చిన ప్రశ్న ఒకటి తీసుకుని, దాన్ని ఒక్క వాక్యంలో, ప్రశ్నార్థకంతో ముగిసేలా రాయండి. "మాతృ ఆరోగ్యం మీద పరిశోధన" అనేది ప్రశ్న కాదు, శీర్షిక. "పల్నాడులో మొదటి కాన్పు కోతతో అయినవాళ్లు రెండో బిడ్డ వద్దనుకుంటున్నారా?" అన్నది ప్రశ్న.

3. ఒక పట్టికను చేత్తో విప్పి చూడండి

నా మటుకు ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. సాఫ్ట్‌వేర్ తర్వాత నేర్చుకోవచ్చు. ముందు ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5 తెలంగాణ ఫ్యాక్ట్ షీట్, అంటే ముఖ్యమైన అంకెల పట్టిక, దించుకుని, కాగితం, పెన్సిలు, ఫోన్లో క్యాలిక్యులేటరు పెట్టుకుని కూర్చోండి.

అందులో కాన్పుల దగ్గరికి వెళ్లండి. 100 కాన్పుల్లో 97.0 ఆసుపత్రిలోనే. అందులో 49.7 ప్రభుత్వాసుపత్రిలో. అంటే ప్రైవేటులో 47.3. ఇప్పుడు కోత కాన్పుల వరస చూడండి. ప్రభుత్వాసుపత్రి కాన్పుల్లో 44.5 శాతం, ప్రైవేటులో 81.5 శాతం. గుణించండి. 49.7లో 44.5 శాతం అంటే 22.1. 47.3లో 81.5 శాతం అంటే 38.5. రెండూ కలిపితే 60.6 దాటుతుంది. ఫ్యాక్ట్ షీట్‌లో రాష్ట్రం మొత్తానికి ఉన్న అంకె 60.7. సరిపోయింది కదా. అచ్చులో ఉన్న అంకె ఎలా పుట్టిందో మొదటిసారి మీ చేత్తో మీరు చూశారు.

ఇక్కడితో ఆపకండి. ఆంధ్రప్రదేశ్ షీటు పక్కన పెట్టండి. అక్కడా ప్రభుత్వాసుపత్రి కాన్పులు దాదాపు సగమే. కానీ కోతలు ప్రభుత్వంలో 26.6 శాతం, ప్రైవేటులో 63.0. మొత్తం 42.4. రెండు రాష్ట్రాల మధ్య 18 పాయింట్ల తేడా. ఇది జనం ప్రైవేటుకు ఎక్కువ వెళ్లడం వల్ల వచ్చిందా, లేక అదే తరహా ఆసుపత్రిలో కోత ఎక్కువవడం వల్లా? తెలంగాణ కాన్పులను ఉన్నచోటే ఉంచి, ఆంధ్ర రేట్లు పెట్టి గుణించండి. 49.7లో 26.6 శాతం, 13.2. 47.3లో 63 శాతం, 29.8. మొత్తం 43. అంటే తేడా దాదాపు అంతా రేట్లలోనే ఉంది, ఆడవాళ్లు ఏ ఆసుపత్రి మెట్లెక్కారన్నదానిలో కాదు. మీరిప్పుడు చేసినదానికి శాస్త్రంలో పేరుంది, డీకాంపొజిషన్. ఎవెలిన్ కిటగావా అనే అమెరికన్ జనాభా శాస్త్రవేత్త 1955లో దీన్ని ఒక పద్ధతిగా పెట్టారు. ఇవాళ్టికీ పీజీ మొదటి ఏడాదిలో చెప్పే పాఠం ఇది.

ఇంకో అడుగు వేస్తే మనసు కలుక్కుమంటుంది. 2015-16లో తెలంగాణలో ప్రభుత్వాసుపత్రి కాన్పులు 30.5 శాతమే. 2017లో కేసీఆర్ కిట్ వచ్చింది. మగబిడ్డ పుడితే 12 వేలు, ఆడబిడ్డ పుడితే 13 వేలు, ఒక కిట్టు. జనం ప్రభుత్వాసుపత్రికి తిరిగివచ్చారు, నాలుగైదేళ్లలో 49.7కు చేరారు. కోత తక్కువ ఉన్న చోటికి ఇంతమంది మారితే రాష్ట్రం మొత్తం మీద కోతలు తగ్గాలి. తగ్గలేదు. 58 దగ్గర ఉన్నది 60.7 అయింది. ఎందుకు? రెండు రకాల ఆసుపత్రుల్లోనూ రేటు పెరగబట్టి. మరి అది ఎందుకు పెరిగింది? మొదటి కాన్పు కోత అయితే రెండోదీ కోతే అన్న అలవాటా, రాత్రి డ్యూటీలో మత్తు డాక్టరు లేకపోవడమా, ముహూర్తం చూసుకుని రావడమా, నొప్పులు పడలేనన్న పిల్ల భయాన్ని ఎవరూ కూర్చుని వినకపోవడమా? పట్టిక ఇక్కడ ఆగిపోతుంది. ఇక్కడినుంచి ఊళ్లోకి వెళ్లాలి. ఈ రెండింటినీ కలిపి నేర్పే చదువే మీరు చదవబోయేది.

ఏ అంకె చూసినా మూడు ప్రశ్నలు అలవాటు చేసుకోండి: ఎవరిలో ఇంతమంది? ఏ కాలంలో? ఎవరు జవాబిచ్చారు? ఆపరేషన్ శాతం వివాహితల్లో. గర్భసంచి శాతం 49 ఏళ్లలోపు ఆడవాళ్లందరిలో. కోత కాన్పుల శాతం అంతకుముందు ఐదేళ్ల కాన్పుల్లో. భాగహారంలో కింద ఉన్న సంఖ్య మారితే అర్థమే మారిపోతుంది. టీవీ చర్చల్లో జరిగే తప్పుల్లో ముప్పాతిక భాగం ఇక్కడివే.

చేతి లెక్క కుదిరాక కంప్యూటర్ పట్టండి. ఆర్ (R) అనే గణాంక సాఫ్ట్‌వేర్ ఉచితం, దాంతోనే మొదలుపెట్టండి. స్టాటా అనే ఇంకో సాఫ్ట్‌వేర్ కాలేజీలో దొరికితే అదీ నేర్చుకోండి. సర్వే డేటాలో వెయిట్లు (ఒక్కో జవాబు ఎంతమందికి ప్రతినిధో చెప్పే అంకెలు) వేయకుండా శాతాలు తీయకండి. ఎన్ఎఫ్‌హెచ్ఎస్ యూనిట్ లెవెల్ డేటాకు, అంటే ఒక్కొక్కరి జవాబులున్న ఫైళ్లకు, ఆ సర్వే నడిపే ముంబై సంస్థ ఐఐపీఎస్ దగ్గర నమోదు చేసుకుని, ఎందుకు కావాలో రాసి అడగండి. 2025 ఆరంభంలో అమెరికా తన విదేశీ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ నిధులు ఆపేయడంతో తొంభై దేశాల సర్వేలను ఒకచోట ఉంచిన డీహెచ్ఎస్ కార్యక్రమం కుదేలైంది. మన డేటా మన సంస్థ దగ్గర ఉండటం ఎంత మేలో అప్పుడు తెలిసొచ్చింది.

4. మాట నేర్చుకోండి

మీరు తెలుగువాళ్లు కాబట్టి ఇది వచ్చనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

చదువుకునే రోజుల్లో నిజామాబాద్ వైపు ఒక ఊళ్లో బీడీలు చుట్టే ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని ప్రశ్నలు అడుగుతున్నాను. చేటలో తునికాకు, తంబాకు, ఆమె వేళ్లు ఆగడం లేదు. "మీకు ఎంతమంది బిడ్డలు?" అన్నాను. "ఇద్దరు బిడ్డలు." రాసుకున్నాను, 2. ఇంతలో పదేళ్ల పిల్లాడు బడినుంచి వచ్చి "అమ్మా" అంటూ సంచి పడేశాడు. మా వైపు బిడ్డ అంటే ఆడైనా మగైనా పిల్లే. అక్కడ బిడ్డ అంటే కూతురు. ఆమె నేను అడిగినదానికి సరిగ్గానే చెప్పింది. తప్పు నా మాటలో ఉంది.

కొడుకును కలిపి 3 చేశాను. లేవబోతుంటే ఆమె, బీడీకి దారం చుడుతూనే, తల ఎత్తకుండా అంది: "అందరికంటే ముందు ఒక పిలగాడు పుట్టిండు అక్కా. నాలుగు దినాలే ఉన్నడు. గది సుత రాస్తవా?" మళ్లీ కూర్చున్నాను. సర్వే ప్రశ్నావళిలో ఈ ప్రశ్న ఉంటుంది: ప్రాణంతో పుట్టి తర్వాత చనిపోయిన బిడ్డ ఎవరైనా ఉన్నారా? ఆమె "లేదు" అంటే, పుట్టగానే ఏడ్చి, ఊపిరి తీసి, కదిలి, తర్వాత బతకని బిడ్డ ఉన్నాడా అని మరోసారి అడగమని కూడా ఉంటుంది. నేను ఆ ప్రశ్నను గబగబా చదివేశాను, చావు మాట ఎత్తడం ఇష్టంలేక. ఆ నాలుగు రోజుల పిల్లాడు నా ఫారంలో లేకపోతే రాష్ట్రం శిశుమరణాల లెక్కలోనూ ఉండడు. ఒక్కో సర్వేలో ఇలాంటి పిల్లలు ఎంతమంది జారిపోతారో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

అందుకే మీ జిల్లా మాటలు ఒక పుస్తకంలో రాసుకోండి. నెల తప్పడం, నీళ్లోసుకోవడం, కడుపుతో ఉండటం. పురుడు, కాన్పు. పెద్దాపరేషన్ అంటే ఒకచోట కోత కాన్పు, ఇంకోచోట గర్భసంచి తీసేయడం. అన్నిటికంటే జాగ్రత్తగా వినాల్సింది క్రియ. "అబార్షన్ అయింది" అంటే దానంతట అది పోయింది. "అబార్షన్ చేయించుకుంది" అంటే వేరే సంగతి. ఆ ఒక్క క్రియలో చట్టం, సిగ్గు, భయం అన్నీ ఉంటాయి. సర్వేలో నెలనెలా గళ్లు గీసిన క్యాలెండర్ ఒకటుంటుంది. బిడ్డ పుట్టిన నెలకు బి, గర్భం ఉన్న నెలలకు పి, గర్భం పోయిన నెలకు టి. "అయింది", "చేయించుకుంది" రెండూ ఆ టిలోనే పడతాయి. తర్వాతి ప్రశ్నలో మీరు విడదీయగలిగితేనే విడిపోతాయి.

కొంత చట్టం కూడా తెలియాలి. 1971 గర్భస్రావ చట్టం, 2021 సవరణ. పెళ్లికాని స్త్రీకి కూడా 24 వారాల దాకా హక్కుందని 2022లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. లింగనిర్ధారణను నిషేధించిన 1994 చట్టం. ముఖ్యంగా పిల్లలపై లైంగిక నేరాల మీద వచ్చిన 2012 పోక్సో చట్టం. 18 ఏళ్లలోపు అమ్మాయిల గర్భం గురించి అడిగే పరిశోధన చేస్తుంటే, ఏ విషయం తెలిస్తే పోలీసులకు చెప్పాల్సి వస్తుందో ముందే ఎథిక్స్ కమిటీతో మాట్లాడి, ఆ అమ్మాయికి కూడా ముందే చెప్పాలి. ఆమె నోరు విప్పాక చెప్పడం మోసం. గృహహింస ప్రశ్నలను ఎన్ఎఫ్‌హెచ్ఎస్‌లో ఇంటికి ఒక్క స్త్రీనే, అదీ పక్కన ఎవరూ లేనప్పుడే అడుగుతారు. మీ చిన్న ప్రాజెక్టుకూ అదే నియమం పెట్టుకోండి.

5. ఇక్కడ చదవాలంటే

మొదట చెప్పుకోవాల్సింది ముంబై దేవనార్‌లోని ఐఐపీఎస్, అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ. 1956లో భారత ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి, సర్ దొరాబ్జీ టాటా ట్రస్టు కలిసి పెట్టాయి. 1985 నుంచి డీమ్డ్ యూనివర్సిటీ, కేంద్ర ఆరోగ్యశాఖ కింద ఉంది. 1992-93 నుంచి ఎన్ఎఫ్‌హెచ్ఎస్ సర్వేలన్నీ నడిపింది ఈ సంస్థే. జనాభా శాస్త్రంలో పీజీకి ఆర్ట్స్, సైన్స్ ఎటువాళ్లయినా వెళ్లొచ్చు. బయోస్టాటిస్టిక్స్ కోర్సుకు మాత్రం గణితం లేదా స్టాటిస్టిక్స్ గట్టిగా ఉండాలి. ఆఫ్రికా, ఆసియా దేశాల విద్యార్థులు కూడా అదే క్లాసులో ఉంటారు. నేపాల్ నర్సు, నైజీరియా గణాంక అధికారి పక్కన కూర్చుని జనన రేట్లు లెక్కవేయడం చిన్న అనుభవం కాదు. ప్రవేశ పద్ధతిని ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చూసుకోండి, సీనియర్ చెప్పింది నమ్మకండి.

ఇంటికి దగ్గర్లో కావాలంటే తిరుపతి శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జనాభా అధ్యయన విభాగం ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్ర ఆరోగ్యశాఖ నిధులతో నడిచే జనాభా పరిశోధన కేంద్రం ఉంది. దేశంలో ఇలాంటివి 18. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్న విశాఖ, విజయనగరం పిల్లలు వెళ్లి, పాత జిల్లా నివేదికలు చూపించమని అడగండి. అడిగినవాళ్లకు మర్యాదగానే చూపిస్తారు.

పబ్లిక్ హెల్త్ అయితే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోనే ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్). తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య సంస్థలోని అచ్యుత మీనన్ సెంటర్ గురించి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. స్త్రీల ఆరోగ్యాన్ని, జెండర్‌ను అక్కడ సిలబస్‌లో పక్కన అతికించరు, మధ్యలో పెట్టి చెబుతారు. మూడో తలుపు నచ్చినవాళ్లకు ఢిల్లీ జేఎన్‌యూలో సోషల్ మెడిసిన్ సెంటర్ ఉంది.

6. విదేశమైతే

ఈ చదువు పేరుతోనే విభాగం ఉన్నది బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ బ్లూంబర్గ్ స్కూల్లో: పాపులేషన్, ఫ్యామిలీ అండ్ రీప్రొడక్టివ్ హెల్త్. న్యూయార్క్ కొలంబియాలో పాపులేషన్ అండ్ ఫ్యామిలీ హెల్త్ విభాగం ఉంది. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్‌లో డెమోగ్రఫీ అండ్ హెల్త్ ఎమ్మెస్సీ ఒక్క ఏడాదే, ఖర్చు ఆ మేరకు తగ్గుతుంది. లెక్కల్లో లోతుకు పోదల్చుకున్నవాళ్లు ప్రిన్స్‌టన్, మిషిగన్, సౌతాంప్టన్ చూడండి. పీహెచ్‌డీకి జర్మనీలో రోస్టాక్ మాక్స్ ప్లాంక్ సంస్థ కూడా ఉంది.

అమెరికాలో డిగ్రీ పేర్ల దగ్గర చాలామంది తికమక పడతారు. ఎంపీహెచ్ ఎక్కువగా ఇప్పటికే ఆరోగ్యరంగంలో పనిచేసినవాళ్లకు. ఎంఎస్‌పీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో ఎమ్మెస్) బ్యాచిలర్ డిగ్రీ అవగానే వచ్చేవాళ్లకూ తగినది, మొదట తరగతులు, తర్వాత ఏదైనా సంస్థలో పని. పీహెచ్‌డీకి చాలాచోట్ల ఫీజు ఉండదు, స్టైపెండ్ ఇస్తారు. మాస్టర్స్‌కు చేతినుంచి పెట్టుకోవాల్సిందే. పబ్లిక్ హెల్త్ కాలేజీల్లో చాలావాటికి సోఫాస్ అనే ఒకే దరఖాస్తు పద్ధతి ఉంది. ఆగస్టులో చేరాలంటే అంతకుముందు డిసెంబరు, జనవరికల్లా గడువులు ముగుస్తాయి. అంటే దసరాకు మీ వ్యాసం మొదటి ప్రతి చేతిలో ఉండాలి.

డబ్బు గురించి దాపరికం లేకుండా చెబుతాను. పొలం తాకట్టు పెట్టి ఈ మాస్టర్స్‌కు వెళ్లొద్దు. ఐటీ జీతాలు ఈ రంగంలో రావు, ఆ అప్పు తీర్చడం కష్టం. దానికితోడు 2025 మార్చిలో యూఎస్ఎయిడ్ డబ్బు పోయి ఒక్క హాప్కిన్స్‌లోనే 2,000కు పైగా ఉద్యోగాలు పోయాయి. స్కాలర్‌షిప్పుతోనే వెళ్లండి. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కు పబ్లిక్ హెల్త్ అర్హమైన సబ్జెక్టే, మూడేళ్ల ఉద్యోగానుభవం అడుగుతారు. బ్రిటన్ చీవెనింగ్‌కు రెండేళ్లు చాలు. కామన్వెల్త్ స్కాలర్‌షిప్ కూడా చూడండి. తెలంగాణ ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి ఉన్నాయి, 20 లక్షల దాకా వస్తుంది. ఈ పథకాలంటే ఇంజినీరింగ్ వాళ్లవే అనుకుని మనవాళ్లు దరఖాస్తే చేయరు, చేయండి. అందుకే నా సలహా: ముందు ఇక్కడ పీజీ, రెండు మూడేళ్లు ఫీల్డులో పని, ఆ తర్వాత విదేశం. అప్పటికి మీ ప్రశ్న కూడా పదునెక్కి ఉంటుంది.

7. మీ గురించి రాసే వ్యాసం, సిఫారసు ఉత్తరాలు

నేను చదివిన వ్యాసాల్లో ఎక్కువ "చిన్నప్పటినుంచీ ప్రజాసేవ అంటే ఇష్టం" అని మొదలవుతాయి. ఆ ఇష్టం నిజమే అయినా, చదివేవారికి మీరు కనిపించరు. మీ అమ్మమ్మ ఎన్ని కాన్పులు కన్నది, ఎంతమంది బతికారు, మీ అమ్మకు ఆపరేషన్ ఏ వయసులో అయింది, మీ అక్కకు కాన్పు ఎక్కడ ఎలా జరిగింది, అడిగి తెలుసుకోండి. ఒక్క ఇంట్లోనే మూడు తరాల జనాభా చరిత్ర ఉంటుంది. దాన్ని నాలుగు వాక్యాల్లో, వాళ్ల అనుమతితో, పేర్లు లేకుండా రాయండి. తర్వాతి పేరాలో పైన మనం చేసినలాంటి లెక్క ఒకటి, మీ జిల్లాది. మూడో పేరాలో మీ ప్రశ్న. నాలుగో పేరాలో, ఆ ప్రశ్నకు ఆ విభాగంలోనే ఎందుకు జవాబు దొరుకుతుందనుకుంటున్నారో, అక్కడ ఎవరు ఏ పని చేశారో. అంతే. విశేషణాలు తీసేయండి.

సిఫారసు ఉత్తరానికి హోదా చూడకండి. మిమ్మల్ని రెండుసార్లు చూసిన వైస్ ఛాన్సలర్ కంటే మీ ప్రాజెక్టు తప్పులు దిద్దిన లెక్చరర్ మేలు. గడువుకు ఆరు వారాల ముందు వెళ్లి, మీ వ్యాసం, మీరు చేసిన పట్టిక ఆయన చేతికి ఇచ్చి అడగండి. ఫీల్డులో కలిసి పనిచేసిన ఏఎన్ఎం అక్క మీ గురించి చెప్పే మాటలు ఉత్తరంగా పనికిరాకపోవచ్చు, కానీ మీ లెక్చరర్‌తో ఆమెను ఒకసారి ఫోన్లో మాట్లాడించండి. ఆ ఉత్తరం తీరే వేరుగా ఉంటుంది.

ఉద్యోగాల మాట కూడా ఇంట్లో అడుగుతారు. సర్వే సంస్థలు, జాతీయ ఆరోగ్య మిషన్‌లో జిల్లా పోస్టులు, జనాభా పరిశోధన కేంద్రాలు, ఐక్యరాజ్యసమితి జనాభా నిధి యూఎన్ఎఫ్‌పీఏ, స్వచ్ఛంద సంస్థలు, స్టాటిస్టిక్స్ వాళ్లకు ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్. 2011 తర్వాత ఆగిపోయిన జనగణన 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకుని జరుగుతోంది. ఆ పట్టికలు బయటికి వచ్చేసరికి చదవగలిగినవాళ్లు ప్రతి రాష్ట్రానికీ కావాలి.

ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు రెండే కాగితాలు తీసుకెళ్లండి. మీ ప్రశ్న రాసిన కాగితం ఒకటి, మీ జిల్లా ఫ్యాక్ట్ షీటు ఒకటి, పక్కన మీ చేతి లెక్కతో. "ఈ అంకె ఎవరిలో?" అని అడిగితే తడుముకోకుండా చెప్పగలగాలి.